నీళ్ళు ఎంత కాగవలెను?

(గ్రంథాలయ సభయందు చేసిన ఉపన్యాసము)



ఈ స్థలమున ఇదివరకు పెద్దలు భారతమును గూర్చియు, భాగవతమును గూర్చియు ప్రసంగించియున్నారు. నేను నీళ్ళు కాచుటను గూర్చి మాటలాడెదనని చెప్పినప్పుడు మిత్రులు కొందరు నవ్విరి. "పొయ్యిలో కట్టె పెట్టిన నీళ్ళే కాగును, దానికొక ఉపన్యాసమా?" అనిరి. కాగుననుట నిజమే. ఎంత కాగవలెనన్నదే నా ప్రశ్న. లెక్కలు వ్రాయుట వృత్తిగా గలవాడను గనుక 'ఎంత' అను మాట వినబడినచోట నా కలము ఊరకుండదు.

భారతము వదలి వచ్చితినని మీరు చింతింప నక్కరలేదు. నన్నయభట్టు తెనిగించిన అరణ్యపర్వ భాగముననే నలోపాఖ్యానము గలదు. దమయంతీ స్వయంవరమున దేవతలు నలునకు వరములిచ్చిరి. అగ్ని తాను కోరినచోట నిప్పై నిలిచెదననెను. వరుణుడు కోరినచోట నీరై నిలిచెదననెను. పిమ్మట రాజ్యము పోయి, రూపము మారి, బాహుకుడను పేర ఋతుపర్ణునికడ వంటలు చేయుచు కాలము గడపిన ఆ నలుడు విదర్భకు వచ్చినప్పుడు, దమయంతి తన చెలికత్తె కేశినిని పంపి అతని పనితీరు చూచి రమ్మన్నది. అతడు చూచినంతనే కుండలు నీటితో నిండెను. చేతిలోని గడ్డిపోచ మండెను. ఆమె అతనిని పోల్చుకొనుటకు తోడ్పడిన గుర్తులలో ఇవి ముఖ్యములు. నలునకు కట్టెల ఖర్చులేదు. మనకు గలదు. అందుచేతనే నలుని కథ ముగిసినచోట లెక్క వ్రాయువాని కథ మొదలగుచున్నది.

2016వ సంవత్సరమున ఉజ్జ్వల పథకము వచ్చినది. అంతకుముందే, 1999లో, దీపం పథకము క్రింద గ్యాసు పొయ్యిలు పల్లెలకు వచ్చినవి. వంట చాల ఇండ్లలో గ్యాసుమీదికి మారినది. కాని పెరటిలో స్నానపు నీళ్ళ పొయ్యిని చూడుడు. అది నేటికిని మూడు రాళ్ళమీదనే యున్నది. పండుగకును, పెండ్లికిని, బాలింతల నీళ్ళకును, పసుపు ఉడుకబెట్టుటకును ఆరుబయటి కట్టెల మంటయే దిక్కు. ఆ కట్టె మర్రిమడ్ల వైపు అడవినుండి కాని, పొలముగట్టు తుమ్మనుండి కాని రావలెను. తెచ్చునది ఎక్కువగా ఆడవారి తల. కనుక మంట ఎక్కువైనచో ఆ ఎక్కువ ఎవరి తలమీద పడుచున్నదో వేరుగ చెప్పవలసిన పనిలేదు.

వేడిని కొలుచుటకు సాధనము లేనప్పుడు మన తల్లులు మాటలతో కొలిచిరి. ఎంత చక్కని మాటలో చూడుడు. నులివెచ్చన, గోరువెచ్చన, వెచ్చన, వేడి. నీళ్ళు కాగినవి అన్న ఒకటి. మసలినవి అన్న మరొకటి. ఎసరు పెట్టిన ఇల్లాలు మూత తీయకయే చెప్పగలదు: అడుగున సన్నని కూత వినవచ్చినచో ఇంకను సమయమున్నది, కూత అణగి కుతకుత మొదలైనచో బియ్యము పోయవచ్చును. ఈ మాటలకు అంకెలు తగిలించిన, గోరువెచ్చన యనగా మన దేహపు వేడికి కొంచెము అటునిటుగా 37 నుండి 40 డిగ్రీలు. చేయి ముంచి క్షణముసేపు ఓర్చుకొనగలిగి పిమ్మట లాగుకొనునది 50 దాటినది. అడుగున ముత్యములవలె బుడగలు అంటుకొని కూత పెట్టునది 70, 80 ప్రాంతము. ఇక సలసల మసలునది 100. స్వీడను దేశస్థుడైన సెల్సియసు 1742లో నిర్ణయించిన కొలత ఇది. మన ప్రాంతము సముద్రమట్టమునకు మూడువందల మీటర్లకు పైబడి యున్నందున మన నీళ్ళు 99కే మసలును. ఆ ఒక్క డిగ్రీకై మనము తగవులాడుకొన నక్కరలేదు.

ఇప్పుడు అసలు సంగతికి వచ్చుచున్నాను. దీనిని మీరు ఒక్కసారి మనసున పట్టించుకొన్నచో తక్కిన నా మాటలన్నియు మరచినను నాకు చింతలేదు. మసలుచున్న నీళ్ళ క్రింద కట్టె రెట్టింపు చేసినను, మూడింతలు చేసినను, ఆ నీళ్ళ వేడి ఒక్క డిగ్రీయైనను పెరుగదు. నీళ్ళు త్వరగా ఆవిరియై పోవును, అంతే. మంట ఎగసినకొలది లోపలి వస్తువు త్వరగా ఉడుకునన్నది మన కన్ను మనకు చేయు మోసము.

ఇది ఎట్లో లెక్కలో చూతము. ఒక లీటరు నీటిని ఒక డిగ్రీ వేడిచేయుటకు పట్టు వేడిని ఒక 'వేడి రూపాయి' అనుకొందము. శాస్త్రజ్ఞులు దానిని కిలో క్యాలరీ యందురు. నాకు రూపాయియే సుళువు. చలికాలమున బావినీరు 20 డిగ్రీలనుకొన్నచో, లీటరు నీటిని మసలించుటకు 80 రూపాయలు చాలును. మసలిన ఆ లీటరును పూర్తిగా ఆవిరి చేయుటకో, 540 రూపాయలు కావలెను! అనగా చన్నీటినుండి మసలువరకు తెచ్చుటకైన ఖర్చునకు దాదాపు ఏడింతలు. ఈ 540 రూపాయలు ఎచ్చటికి పోయినవి? నీళ్ళ వేడిలో కానరావు. ఆవిరి వాటిని తనలో దాచుకొని పోవును. 1760 ప్రాంతమున స్కాట్లండు దేశమున జోసెఫ్ బ్లాకు అను పండితుడు ఈ దాగిన వేడిని కనిపెట్టి లెక్క తేల్చెను. మన పాఠ్యపుస్తకములలో దీనిని గుప్తోష్ణమందురు. గుప్తధనమను మాట మనమెరిగినదే, ఇది గుప్తవ్యయము.

ఒక ఇంట నలుగురు స్నానము చేయవలెను. 40 డిగ్రీల నీళ్ళు 80 లీటర్లు కావలెననుకొందము. నీరు 20 నుండి 40కి పోవలెను గనుక 80 లీటర్లకు 20 చొప్పున 1600 రూపాయలు. ఎండిన కట్టె కిలోకు సుమారు 3500 రూపాయల వేడి గలదు. కాని ఆరుబయటి మూడురాళ్ళ పొయ్యిలో నీళ్ళను చేరునది అందు పదింట ఒక వంతు, మహా అయిన ఏడింట ఒక వంతు. తక్కినది గాలికిని, రాళ్ళకును, పొగకును పోవును. ఆ లెక్కన నలుగురి స్నానమునకు మూడు నాలుగు కిలోల కట్టె, మించిన నాలుగున్నర చాలును. ఇక ఆ గంగాళమును మూత లేక మసలనిచ్చి, 'నీవు పో, నీవు పో' అని ఒకరినొకరు పిలుచుకొనుచుండగా అయిదు లీటర్లు ఆవిరియైనచో 2700 రూపాయలు పోయినవి. స్నానము ఖర్చు 1600. ఊరక ఆకాశమునకు అర్పించినది 2700. ఏ ఆడిటరైనను ఇట్టి పద్దు చూచి ఊరకుండునా?

ఒక మిత్రుడు నన్నిట్లడిగెను: "మసలిన నీళ్ళు తక్కువ పోసుకొని చన్నీళ్ళు ఎక్కువ కలుపుకొందుము, అప్పుడు నష్టమేమి?" న్యాయమైన ప్రశ్న. 20 లీటర్లను మసలించినను 1600 రూపాయలే. దానికి 60 లీటర్ల చన్నీళ్ళు కలిపినచో అవే 40 డిగ్రీల 80 లీటర్లు. కాగితముమీద ఇరుపక్షములును సరిపోయినవి. కాని గిన్నె ఎంత వేడెక్కిన దాని పక్కలనుండి గాలికి పోవు వేడియు అంత పెరుగును. అదియుగాక మసలుట మొదలైన నిమిషముననే దింపువారు ఎందరున్నారు? ఇంకొక కారణము గలదు. అది కట్టెకు సంబంధించినది కాదు. దానిని తరువాత చెప్పెదను.

పచ్చికట్టె సంగతి ఇచ్చటనే చెప్పి ముగించెదను. అప్పుడే కొట్టిన కట్టెలో ఇంచుమించు సగము బరువు నీరే. కిలో పచ్చికట్టె పెట్టితిమనగా అర్ధకిలో కట్టెయు, అర్ధకిలో నీరును పొయ్యిలో పెట్టితిమని అర్థము. ఆ నీటిని కాచి ఆవిరి చేయుటకు మున్నూరు రూపాయలకు పైగా ముందుగనే తీసికొని, మిగిలినది మన గంగాళమునకిచ్చును. పైగా పొగ. వర్షాకాలమునకు ముందే కట్టెను పేర్చి కప్పి ఎండబెట్టుకొన్న ఇల్లాలికి సంవత్సరము పొడుగున లాభము.

ఇక పసుపు. మన కోనరావుపేటకు ఉత్తరమున కోరుట్ల, మెట్‌పల్లి, జగిత్యాల ప్రాంతములు పసుపునకు పేరుపడినవి. నిజామాబాదు విపణి దేశమున ప్రసిద్ధము. కమ్మర్‌పల్లిలో పసుపు పరిశోధన స్థానము గలదు. 2025 జనవరిలో జాతీయ పసుపు బోర్డు నిజామాబాదు ముఖ్యస్థానముగా ఏర్పడినది. ఇన్ని యున్నను పంట ధర నిలుచుట, తూలుట అనునది కళ్ళమున ఆ కొప్పెరముందు కూర్చున్న రైతు చేతిలో చాలవరకున్నది.

పసుపును ఎందుకు ఉడుకబెట్టుదురు? పచ్చివాసన పోవుటకు, కొమ్ము మరల మొలకెత్తకుండుటకు, లోపలి పిండిపదార్థము ఉడికి రంగు అంతటను సమముగా పరచుకొనుటకు, త్వరగా ఎండుటకు. తవ్విన రెండు మూడు దినములలోపల ఉడుకబెట్టవలెను. కొమ్మును, గోళను వేరుచేయవలెను. గోళ పెద్దది, వేడి నడిమికి చేరుటకు ఆలస్యము పట్టును. రెంటిని కలిపి పోసినచో గోళ ఉడుకునప్పటికి కొమ్ము మెత్తబడిపోవును. కొమ్ము చాలునన్నప్పటికి గోళ నడుమ పచ్చిగానుండును. పసుపు మునుగునంత నీరు పోసి, మసలనిచ్చి, ముప్పావు గంటనుండి గంటవరకు ఉంచవలెను. తెల్లని నురుగు పైకి వచ్చి, పసుపు వాసన గల ఆవిరి చుట్టును కమ్మినప్పుడు ఒక కొమ్మును తీసి వేలితో నొక్కి చూడవలెను. నొక్కుడుపడి, మొద్దుగా నున్న పుల్ల గుచ్చిన దిగినచో ఉడికినట్లు. ఇది శాస్త్రజ్ఞులు చెప్పు గుర్తు, మన ముత్తాతలు చెప్పిన గుర్తు కూడ. ఈ రెంటికిని భేదము లేకుండుట చూచి నాకు సంతోషము కలిగినది.

ఎక్కువ ఉడికిన రంగు చెడును. తక్కువ ఉడికిన, ఎండిన పిమ్మట పెళుసై పొడిపొడిగా విరుగును. సరిగా ఉడికి సరిగా ఎండిన కొమ్మును విరిచినప్పుడు లోహమును తట్టినట్లు టంగుమను చప్పుడు వచ్చును. విపణిలో కొనువాడు కుప్పముందు వంగి ఒక కొమ్మును విరిచి చెవికడ పెట్టుకొనుట మీలో చాలమంది చూచియుందురు. తొమ్మిది నెలల పంట ఆ ఒక్క చప్పుడు మీద ఆధారపడియుండును.

కొన్ని సంవత్సరముల క్రిందట కోరుట్ల సమీపమున మా బంధువుల కళ్ళమునకు పోయితిని. రెండు కొప్పెరలు ప్రక్కప్రక్కన మసలుచుండెను. ఒకదానికడ ముసలాయన, రెండవదానికడ ఆయన మనుమడు. మనుమడు మంట కొప్పెర అంచు దాటి పోవునట్లు తుమ్మమొద్దులు దోపుచుండెను. "గంత మంట ఎందుకురా?" అని నేనడుగగా, "మంట పెంచకుంటె పొద్దుమూకుతది పెద్దయ్యా, ఎప్పుడు ఉడకాలె?" అనెను. నాకు అలవాటు గదా, జేబులోని కాగితము తీసి కాలము వ్రాసికొంటిని. రెండు కొప్పెరలును మసలుట మొదలైన పిమ్మట ఇంచుమించు ఒకే సమయమునకు ఉడికినవి. కట్టె మాత్రము మనుమని పొయ్యిలో దాదాపు రెట్టింపు కాలినది. నీరు తగ్గిపోయి పైవరుస కొమ్ములు బయటపడగా రెండు మార్లు చన్నీళ్ళు పోసిరి. పోసినప్పుడెల్ల మసలుట ఆగినది. అడుగున కొమ్ములు చితికినవి. ముసలాయన ఏమియు అనలేదు. సాయంకాలము మనుమని చేతికి తన కొప్పెర కొమ్మొకటి, వాని కొప్పెర కొమ్మొకటి ఇచ్చి విరువుమనెను. ఆ రాత్రి వాడు అన్నము తినునప్పుడు కూడ మాటలాడలేదు.

నేర్చుకొనవలసినది ఇంతే: మసలువరకు పెద్ద మంట; మసలిన పిమ్మట మసలుట ఆగకుండునంత మంట. పైన తడి గోనెపట్టాలు కాని, ఆకులు కాని కప్పినచో ఆవిరి లోపలనే నిలుచును. ఒక విడత తీసిన తరువాత ఆ వేడినీళ్ళను పారబోయక, తగ్గినంత పోసి రెండవ విడతకు వాడుకొనవచ్చును. 80 రూపాయల చొప్పున ఖర్చుపెట్టి కాచిన నీళ్ళను మట్టిలో పోయుట ఎందుకు? చిల్లులు గల తొట్టెలో పసుపు నింపి కొప్పెరలో ముంచి ఎత్తినచో ఈ పని సులభమగును. ఉడికిన పసుపును రెండు మూడంగుళముల మందమున పరచి పది పదునైదు దినములు ఎండబెట్టవలెను. మరీ పలుచగా పరచినను రంగు తగ్గును. రాత్రులందు కుప్పచేసి కప్పవలెను. నీళ్ళలో సున్నము కాని, సోడా కాని వేయు అలవాటును గూర్చి నన్ను అడుగుదురు. పసుపున సున్నము తగిలిన ఎరుపెక్కునని పారాణి కలుపుకొను ప్రతి స్త్రీకిని తెలియును. పారాణి వేరు, ఉడుకబెట్టు పసుపు వేరు. మంచినీళ్ళు చాలును. ఇక పైపూతగా పచ్చని సీసపు రంగు పూయువారు ఎచ్చటనైన నున్నచో వారు వ్యాపారము చేయుట లేదు, పిల్లలకు విషము పెట్టుచున్నారు.

ఇప్పుడు చాలచోట్ల ఆవిరి బాయిలర్లు అద్దెకు వచ్చుచున్నవి. ఒక బాయిలరు, దానికి గొట్టములతో తగిలించిన నాలుగు పీపాలు. ఆవిరి పసుపును తాకి మరల నీరగునప్పుడు తాను దాచుకొన్న ఆ 540 రూపాయలను అచ్చటనే కక్కివేయును. మన లెక్కలో గుప్తవ్యయముగా వ్రాసినదే ఇచ్చట జమగా మారినది. కట్టె, నీరు, కూలి తగ్గును. కాని ఒక హెచ్చరిక. తెరచిన గిన్నెలో నీళ్ళు 100 దాటవు గాని, మూసి బిగించిన పాత్రలో దాటును. లోపలి ఒత్తిడి పెరిగినకొలది వేడియు పెరుగును. సిరిసిల్లలో పాలిస్టరు నూలుకు రంగు వేయవలెనన్న 130 డిగ్రీల నీళ్ళు కావలెను. దానికై బిగించిన బలమైన యంత్రములున్నవి. అట్టి యంత్రమునకు కొలతగడియారమును, ఒత్తిడి మించిన తానే తెరచుకొను కవాటమును ఉండును. పాత డ్రమ్మును తెచ్చి మూతి అతికించి, కవాటము లేక, గొట్టమునకు గుడ్డచుట్టి ఆవిరి పట్టువారిని చూచినప్పుడు నేను దూరముగా నిలుచుందును. మీరును నిలువుడు, పిల్లలను ఇంకను దూరముగా నిలుపుడు.

సిరిసిల్ల మాట వచ్చినది గనుక, నీళ్ళ వేడి పనినిబట్టి ఎట్లు మారునో అచ్చటి రంగుల కొట్టములో తెలిసికొనవచ్చును. నూలుబట్టకు వేయు రంగులలో కొన్ని 30, 40 డిగ్రీల నీళ్ళలోనే పట్టును. కొన్నిటికి 80 కావలెను. దీని వేడి దానికిచ్చినచో రంగు సరిగా పట్టక మొదటి ఉతుకునకే పక్కబట్టను అంటును. బియ్యపు గంజి 65 దాటువరకు చిక్కబడదు. ఉప్పుడు బియ్యపు మిల్లులో వడ్లను చన్నీళ్ళలో రెండు మూడు దినములు నానవేసిన దుర్వాసన పట్టును. 65 నుండి 70 డిగ్రీల నీళ్ళలో మూడు నాలుగు గంటలే చాలునని మైసూరులోని కేంద్ర ఆహార సాంకేతిక పరిశోధన సంస్థ వారు చూపిరి. మసలు నీళ్ళలో నానబెట్టిన మిల్లువాడు ఒక్కడును లేడు; గింజ నోరు తెరచుకొనును.

చలిదేశముల సంగతి కొంచెము వింతగా నుండును. అమెరికా, కెనడాలలో పల్లెవారు కొందరు ఇంటికి వెలుపల చిన్న కొట్టమువంటి ఇనుప పొయ్యి పెట్టుకొందురు. దాని చుట్టును నీటి తొట్టి. ఆ వేడినీళ్ళు భూమిలోని గొట్టములద్వారా ఇంటిలోనికి పోయి గదులను వెచ్చబరచి మరల పొయ్యికడకు వచ్చును. వారు ఆ నీళ్ళను 70, 85 డిగ్రీల నడుమ ఉంచుదురు. ఎక్కువైన మసలి ఆవిరియై పోవునన్నది మనకు తెలిసినదే. తక్కువైన ఏమి? అచ్చటనే విశేషము. నీళ్ళు 60కి దిగువనున్నచో ఇనుపగోడ చల్లగా నుండును. పొగలోని తేమ దానిపై చెమటవలె పట్టి, తారుతోను పులుసుతోను కలిసి ఇనుమును తినివేయును. మన ఇండ్లలోను చల్లని గిన్నెను మంటమీద పెట్టిన తొలి నిమిషములలో అడుగున చెమట పట్టుట చూచియే యుందురు. గిన్నె ఓటిపడినదని భయపడి దింపి చూచుకొన్న వారు కూడ గలరు. అది గిన్నెలోని నీరు కాదు, కట్టెలోని నీరు.

ఇక నేను తరువాత చెప్పెదనన్న రెండవ కారణము. నాకు ఆరేండ్ల వయస్సున దీపావళినాటి తెల్లవారుజామున పెరటిలో గంగాళము మసలుచుండెను. చీకటి. నేను చెంబు ముంచబోయి జారితిని. ఈ ఎడమచేతిమీది మచ్చ అప్పటిది. మా బాపమ్మ ప్రేమతో దానిపై సిరా పోసినది. పొరుగింటివారు ఇంకేమో పూసిరి. చేయి మానుటకు ఎన్నో దినములు పట్టెను.

60 డిగ్రీల నీళ్ళు పెద్దవారి చర్మమును సుమారు అయిదు క్షణములలో లోతుగా కాల్చగలవు. 50 డిగ్రీలకు అదే పని చేయుటకు కొన్ని నిమిషములు పట్టును. అనగా ఆ పది డిగ్రీల తేడా, పిల్లవాడు చేయి లాగుకొనుటకు దొరకు వ్యవధి. మసలు నీళ్ళకడ వ్యవధియే లేదు. పసిపిల్లల చర్మము పలుచన; ముసలివారికి స్పర్శ మందము; ఈ రెండు వయస్సులవారికే మనము వేడినీళ్ళు ఎక్కువ పోయుదుము. కనుక స్నానపు గంగాళమును మసలనీయకుడు. చేయి పెట్టిన చురుక్కుమనినంతనే మంట తీయుడు. బకెటులో ముందు చన్నీళ్ళు, తరువాత వేడినీళ్ళు. ఈ క్రమము తారుమారు కాకూడదు. బాలింతకును, శిశువునకును పోయు నీళ్ళను మోచేయి ముంచి చూచుకొనుడు. అరచేయి పనిచేసి పనిచేసి బండబారియుండును, దాని సాక్ష్యము చెల్లదు. ఒకవేళ కాలినచో వెంటనే చల్లని మంచినీటి ధార క్రింద ఇరువది నిమిషములు ఉంచవలెను. మంచుగడ్డ వద్దు, నేయి వద్దు, పళ్ళపొడి వద్దు, సిరా వద్దు. బొబ్బను చిదుపరాదు. శుభ్రమైన గుడ్డ కప్పి వైద్యునికడకు తీసికొనిపోవలెను.

తలస్నానమును గూర్చి ఒక మాట. వాగ్భటుడు అష్టాంగహృదయమున దినచర్యాధ్యాయమున వేడినీళ్ళు కంఠమునకు దిగువ పోసికొనిన బలమునిచ్చుననియు, తలపై పోసికొనిన జుట్టునకును కండ్లకును కీడనియు చెప్పెను. ఆయనకు ఉష్ణమాపకము లేదు. ఐనను ఒకే గంగాళపు నీళ్ళు ఒకే దేహమున రెండుచోట్ల రెండు విధములుగా పనిచేయునని గుర్తించెను. ఆదివారమునాడు పిల్లలను పట్టుకొని పొగలు గ్రక్కు నీళ్ళతో తల రుద్దు తల్లులు దీనిని ఆలోచింతురుగాక.

త్రాగునీటి విషయమున మాత్రము నేను మసలు నీళ్ళ పక్షము. వాంతిభేదుల క్రిములు చచ్చుటకు నీరంతయు ఒక్కసారి తెర్లివచ్చిన చాలును. అరగంట మసలించ నక్కరలేదు. దింపి, మూతపెట్టి, ఆ పాత్రలోనే చల్లార్చుడు. ఐతే ఫ్లోరైడు నీళ్ళను మసలించి లాభము లేదు. నీరు తగ్గినకొలది అది చిక్కబడును గాని పోదు. మసలించుట క్రిములకు మందు, లవణములకు కాదు.

ముగించుటకు ముందు గ్రంథాలయ కార్యవర్గమునకు ఒక మనవి. రజతోత్సవ సందర్భమున బీరువాలు, బల్లలు కొనుచున్నారు, సంతోషము. వానితోపాటు 110 డిగ్రీలవరకు చూపునట్టి, లోహపు కాడ గల ఉష్ణమాపకములు రెండు కొనుడు. పాదరసపు గాజు గొట్టములు వద్దు. అవి పగిలి కొప్పెరలో పడిన పసుపంతయు పారబోయవలెను. పుస్తకము ఇచ్చినట్లే పట్టికలో వ్రాసికొని, సంతకము తీసికొని, మాఘ ఫాల్గుణములలో పసుపు రైతులకు మూడు దినముల చొప్పున ఇయ్యవచ్చును. ఆలస్య రుసుము కూడ పుస్తకములకున్నట్లే ఉండనిండు.

వచ్చు ఆదివారము ఉదయము గ్రంథాలయము వెనుకటి ఖాళీస్థలమున రెండు గంగాళములు పెట్టి, ఒకదానికి మూత వేసి, ఒకదానికి వేయక, కట్టె తూచి మీ యెదుట లెక్క చూపెదను. గంగాళములు నేను తెచ్చెదను. కట్టెలు మీరు తెండు, ఎండినవి.